బుధవారమే తీసుకెళ్లారు బాబూ

నలభై ఆరేళ్లు క్రిమినల్ కోర్టుల్లో నల్లకోటు వేసుకున్నాను. మోకాళ్లు మెట్లెక్కనివ్వక మానేశాను గానీ మనసు మానలేదు. జూనియర్లుగా చేరిన పిల్లలకి సెక్షన్లు చెప్పే ముందు యుద్ధకాలం నాటి ఒక అమెరికా కేసు చెప్పేవాణ్ణి. అది మన ఊరిది కాకపోయినా, మన స్టేషన్లలో ఏం జరుగుతుందో దాన్ని చూసే నాకు బాగా అర్థమైంది. ఇప్పుడు జూనియర్లు ఎదురుగా లేరు కాబట్టి రాసి పెడుతున్నాను.

1. ఒప్పుకోలులో ఏముందో చదివే ముందు, అది ఏ గదిలో పుట్టిందో అడగండి

దక్షిణ కరోలినా రాష్ట్రంలో ఆల్కోలు అనే చిన్న ఊరు. కలప మిల్లే ఆ ఊరికి దిక్కు. ఇళ్లు మిల్లువి, కూలి మిల్లుది. రైలుపట్టాలకి ఒక పక్క తెల్లవాళ్లు, రెండో పక్క నల్లవాళ్లు ఉండేవారు. 1944 మార్చిలో ఒక రోజు ఇద్దరు తెల్లపిల్లలు సైకిలు మీద పూలు కోసుకోవడానికి వెళ్లి ఇంటికి తిరిగి రాలేదు. ఒక పిల్లకి పదకొండేళ్లు, రెండోది ఇంకా చిన్నది. మర్నాడు నీళ్లు నిలిచిన గుంటలో వాళ్ల శవాలు దొరికాయి. తలలు పగిలి ఉన్నాయి.

ఆ పిల్లలు దారిలో ఒక నల్లకుర్రాణ్ణీ అతని చెల్లెల్నీ ఆపి, పూలు ఎక్కడ దొరుకుతాయని అడిగారు. అతని పేరు జార్జ్ స్టిన్నీ. వయసు పద్నాలుగు. వాళ్లతో మాట్లాడాడు కాబట్టి పోలీసులు తీసుకెళ్లారు. గదిలో తల్లి లేదు, తండ్రి లేడు, వకీలు లేడు. లోపల తెల్ల ఆఫీసర్లు, వాళ్ల మధ్య ఈ పిల్లాడు. కొద్దిసేపటికే ‘ఒప్పుకున్నాడు’ అన్నారు. అతను సంతకం పెట్టిన వాంగ్మూలమంటూ ఏదీ లేదు. మిగిలింది ఒక డిప్యూటీ చేత్తో రాసుకున్న కాగితం.

ఏప్రిల్ 24న విచారణ మొదలై ఆ రోజే ముగిసింది. జ్యూరీలో అందరూ తెల్లవాళ్లే. వాళ్లు లోపలికెళ్లి చర్చించుకున్నది పది నిమిషాలు. జూన్ 16న కొలంబియా జైల్లో విద్యుత్ కుర్చీలో కూర్చోబెట్టారు. ఐదడుగుల పైన ఒక అంగుళం ఎత్తు, తొంభై అయిదు పౌన్ల బరువు, అంటే నలభై మూడు కిలోలు. ఆ కుర్చీ పెద్దవాళ్ల కొలతలకి చేసింది. కరెంటు పెట్టగానే ముఖం మీది ముసుగు జారిపోయింది.

పిల్లాడు గుంటకి దగ్గర్లో ఉన్నాడన్నది నిజమే కావచ్చు. గదిలో అతనికి దగ్గరగా ఎవరున్నారన్నదే నా ప్రశ్న. ఒప్పుకోలు కాగితం చేతికొచ్చిన ప్రతిసారీ మీరూ ఇదే అడగండి. ఎన్ని గంటలు కూర్చోబెట్టారు? అన్నం పెట్టారా? నిద్రపోనిచ్చారా? పక్కన తనవాళ్లెవరైనా ఉన్నారా? కాగితం మీది భాష అతనిదా, స్టేషన్ రైటర్‌దా? మా వైపు పొలం కూలీ ‘సదరు బాధితుణ్ణి మారణాయుధంతో’ అని ఎన్నడూ అనడు.

2. ఒప్పుకున్నాడనగానే వెతకడం ఆగిపోతుంది

నా అనుభవంలో ఒప్పుకోలు చేసే అతి పెద్ద చెరుపు ఇదే. అమాయకుడు లోపలికెళ్లడం ఒక అన్యాయమైతే, అసలు నేరస్థుడి వైపు ఎవరూ చూడకపోవడం రెండోది. ఆల్కోలులో ఒప్పుకోలు ఒక్క పూటలో దొరికింది. ఆ తర్వాత ఆ పిల్లల్ని ఇంకెవరు చూశారు, ఎటు తీసుకెళ్లారు, అంత దెబ్బ కొట్టడానికి నలభై మూడు కిలోల పిల్లాడికి బలముందా అని అడిగే అవసరం ఎవరికీ కనిపించలేదు. చంపినవాడు ఇంకొకడైతే, అతను ఆ ఊళ్లోనే ఏళ్లకేళ్లు తిరిగి ఉండొచ్చు.

అందుకే చనిపోయినవాళ్ల ఇంటి తరఫున నిలబడేవాళ్లకీ ఈ పాఠం అవసరం. ఆ ఇద్దరు పిల్లల తల్లిదండ్రుల దుఃఖాన్ని నేను మరిచిపోలేను. వాళ్లకి న్యాయమని చెప్పి చేతికిచ్చింది ఒక కాగితం, ఒక పిల్లాడి ప్రాణం. 2014లో కేసు మళ్లీ తెరిచినప్పుడు వాళ్ల బంధువులు కొందరు వద్దన్నారు. డెబ్భై ఏళ్లు ఒకదాన్ని నమ్మి బతికినవాళ్లు ఇంకేమంటారు?

3. మొదటి దెబ్బ రెండో సంతకంలో కూడా ఉంటుంది

అమెరికాలోనే ఓక్లహామా రాష్ట్రంలో డబ్ల్యూ.డి. లయన్స్ అనే నల్ల కౌలుకూలీ కేసు ఉంది. 1939 డిసెంబరు 31 రాత్రి ఫోర్ట్ టౌసన్ దగ్గర భార్యాభర్తల్నీ ఒక పిల్లవాణ్ణీ చంపి ఇల్లు తగలబెట్టారు. లయన్స్‌ని పట్టుకుని రాత్రంతా ప్రశ్నించారు. చనిపోయినవాళ్ల ఎముకలు పళ్లెంలో పెట్టి అతని ఒళ్లో ఉంచారు. తెల్లవారుజామున ఒప్పుకున్నాడు. ఆ రోజే జైలుకి తీసుకెళ్లి ఇంకో వాంగ్మూలం తీసుకున్నారు. ఈసారి కొట్టలేదు.

అతని తరఫున వాదించింది తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయిన థర్‌గుడ్ మార్షల్. మరణశిక్ష తప్పించి యావజ్జీవం దాకా తేగలిగాడు. అప్పీలులో మాత్రం అమెరికా సుప్రీంకోర్టు 1944 జూన్ 5న ఓడించింది. మొదటి ఒప్పుకోలు బలవంతంగా తీసిందే కావచ్చు, రెండోదాని నాటికి ఆ భయం తగ్గి ఉండొచ్చంది. ముగ్గురు జడ్జీలు ఒప్పుకోలేదు. నేను ఆ ముగ్గురితోనే ఉంటాను. ఒళ్లో ఎముకలు పెట్టించుకున్న మనిషికి పన్నెండు గంటల్లో భయం పోతుందా? లయన్స్‌కి క్షమాభిక్ష వచ్చేసరికి 1965 అయింది.

మన దగ్గరా ఇదే తీరు. స్టేషన్లో చెప్పించి, తర్వాత పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 164వ సెక్షన్ (2024 జూలై నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 183) కింద మేజిస్ట్రేటు ముందు చెప్పిస్తారు. మేజిస్ట్రేటు మంచివాడే, పద్ధతిగానే అడుగుతాడు. బయట వరండాలో తనని తీసుకొచ్చిన పోలీసులే నిలబడి ఉన్నారని ముద్దాయికి తెలుసు. ఆలోచించుకోవడానికి ఎంత సమయమిచ్చారో, ఆ సమయంలో అతన్ని ఎక్కడ ఉంచారో అడగండి.

4. తీర్పుకి కాళ్లుండవు, ఎవరో ఒకరు మోయాలి

1943 మార్చిలో మెక్‌నాబ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఫెడరల్ పోలీసుల్ని గట్టిగా మందలించింది. టెనెస్సీ కొండల్లో ఒక ఫెడరల్ అధికారి హత్య కేసు అది. పట్టుకున్న మనిషిని వెంటనే మేజిస్ట్రేటు ముందుకి తేకుండా రోజులు గడిపి తీసిన ఒప్పుకోలు చెల్లదంది. ఆ నియమం ఫెడరల్ కోర్టుల వరకే. స్టిన్నీది రాష్ట్రం కేసు కాబట్టి ఆ గొడుగు అతని మీదికి రాలేదు.

ఇంకోటి చూడండి. ఆష్‌క్రాఫ్ట్ అనే టెనెస్సీ కేసులో, ముప్ఫై ఆరు గంటలు ఏకబిగిన ప్రశ్నించి తీసిన ఒప్పుకోలు చెల్లదని అదే కోర్టు చెప్పింది. అది రాష్ట్రం కేసే. తీర్పు వచ్చింది 1944 మే 1న, అంటే స్టిన్నీ విచారణ ముగిసిన సరిగ్గా వారానికి. కుర్చీకి ఇంకా నెలన్నర ఉంది. అప్పీలు వెయ్యాల్సిన వకీలు వెయ్యలేదు. కోర్టు ఏర్పాటు చేసిన ఆ వకీలు రాజకీయాల్లో ఎదగాలనుకుంటున్నవాడు. స్టిన్నీ తండ్రిని మిల్లు పనిలోంచి తీసేసింది, ఇల్లు ఖాళీ చేయించింది, కుటుంబం ప్రాణభయంతో ఊరు వదిలింది. గవర్నరు ఓలిన్ జాన్‌స్టన్‌కి ఎన్నో విజ్ఞప్తులు వెళ్లాయి, ఆయన కదల్లేదు.

జూన్ 6న నార్మండీ తీరంలో సేనలు దిగాయి. పేపర్ల నిండా అదే. పది రోజుల తర్వాత కొలంబియా జైల్లో ఒక పిల్లాడి సంగతి ఎవరికి పట్టింది? లీగల్ ఎయిడ్ కేసు చేతికొచ్చినప్పుడు నేను ఆ అప్పీలు కాగితాన్ని గుర్తు చేసుకునేవాణ్ణి. అది వేసుంటే ఎన్ని పేజీలు ఉండేది? నాలుగో, అయిదో.

5. ఇనప ముక్క దొరికిందంటే ఎవరికి ముందు తెలుసో అడగండి

మనకి 1872 నుంచే మంచి కంచె ఉంది. పోలీసుకి చేసిన ఒప్పుకోలు సాక్ష్యం కాదని పాత ఎవిడెన్స్ యాక్టు 25వ సెక్షన్. 2024 జూలై నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో అది 23వ సెక్షన్‌గా ఉంది. ఆ కంచెలో పాత యాక్టు 27వ సెక్షన్ అనే సందు కూడా ఉంది, ఇప్పుడది అదే 23వ సెక్షన్‌కి మినహాయింపుగా ఉంది. ముద్దాయి చెప్పినదాన్ని బట్టి వస్తువేదైనా దొరికితే, ఆ మేరకు మాట చెల్లుతుంది. అందుకే మన ప్రతి మర్డరు కేసులో ఇద్దరు మధ్యవర్తులు, ఒక పంచనామా, గడ్డివాములో కత్తి.

ఆ సందు ఎంత వెడల్పో కొలిచి చెప్పిన తీర్పు గుంటూరు సెషన్స్ కోర్టులో పుట్టిందని చెప్పడం నాకెప్పుడూ గర్వం. పులుకూరి కోటయ్య కేసు. యుద్ధం నాటి ఊరి కక్షల హత్య, మద్రాసు హైకోర్టు మీదుగా లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1947 నాటి లా రిపోర్టుల్లో ఉంటుంది. ‘బల్లెంతో పొడిచాను, దొడ్లో దాచాను, చూపిస్తాను’ అన్నాడనుకోండి. దాచాననీ చూపిస్తాననీ అన్నంతవరకే చెల్లుతుంది, పొడిచానన్నది చెల్లదు. ఎనభై ఏళ్లు కావొస్తున్నా ఇవాళ్టికీ దేశం మొత్తానికి అదే కొలబద్ద.

ఆ కొలబద్ద పట్టుకుని ఆల్కోలు వెళదాం. పిల్లాడు చెప్పిన చోట పదిహేను అంగుళాల ఇనప ముక్క దొరికిందని డిప్యూటీ రాశాడు. ఎక్కడ? సైకిలుకి ఆరడుగుల దూరంలో, గుంటలో. శవాలు అక్కడే దొరికాయి, వెతకడానికొచ్చిన జనం అక్కడే తొక్కారు. అందరి కళ్ల ముందున్న చోటు చూపించడానికి పిల్లాడు కావాలా? ఒక్క మంచి క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ ముక్క పక్కకి పోయేది. ఆ క్రాస్ జరగలేదు.

6. తీసుకెళ్లిన రోజు రాసి పెట్టుకోండి

ఇది నా తప్పు. ఇన్నాళ్లూ జూనియర్లకి సగమే చెప్పాను.

ప్రాక్టీసులో నాలుగో ఏడు. ఒక రైతు హత్య కేసులో ఇంటి పాలేరుని ముద్దాయిగా పెట్టారు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు. శనివారం సాయంత్రం బస్టాండులో పట్టుకున్నామనీ, ఒప్పుకుని కొడవలి చూపించాడనీ, ఆదివారం కోర్టులో హాజరుపరిచామనీ కాగితాలు. వాళ్లమ్మ మా ఇంటి అరుగు మీద కూర్చుని, “బుధవారమే తీసుకెళ్లారు బాబూ. నేను సద్దన్నం మూట పట్టుకెళ్తే లోపలికి రానివ్వలా” అంది. నేను తల ఊపాను. రాసుకోలేదు. ఆవిడ అసలు సంగతి వదిలి అన్నం గురించి మాట్లాడుతోందనుకున్నాను.

అన్నమే అసలు సంగతి. పట్టుకున్న మనిషిని ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం. బుధవారం నుంచి శనివారం దాకా ఆ మూడు రోజులు కాగితాల్లో లేవు. కొడవలి పుట్టింది ఆ మూడు రోజుల్లోనే. నేను క్రాస్‌లో ఆ మాటే ఎత్తలేదు. యావజ్జీవం పడింది. హైకోర్టులో వేరే వకీలు ఆవిణ్ణి మళ్లీ కూర్చోబెట్టి అడిగాడట. అప్పీలు గెలిచేసరికి కుర్రాడు నాలుగేళ్లు జైల్లో ఉన్నాడు.

విడుదలయ్యాక ఇద్దరూ మా ఇంటికొచ్చారు. ఆవిడ నన్నొక్క మాట అనలేదు. అరటిపళ్లు తెచ్చింది. కుర్రాడు మాత్రం గుమ్మం దాటి లోపలికి రాలేదు. మూసి ఉన్న గదిలో కూర్చోలేకపోతున్నాడని చెప్పింది.

7. ఆలస్యంగా వచ్చిన తీర్పునీ చదవండి

2014 జనవరిలో స్టిన్నీ తోబుట్టువులు కోర్టులో సాక్ష్యం చెప్పారు. అందరూ ముసలివాళ్లు. ఆ రోజు అన్నతో పాటే ఉన్నానని చెల్లెలు చెప్పింది. అప్పటి విచారణలో ఎవరేం మాట్లాడారో రాసిన రికార్డు దొరకలేదు. డిసెంబరు 17న జడ్జి కార్మెన్ మలెన్ ఆ శిక్షని రద్దు చేసింది. పిల్లాడు నేరం చేశాడా లేదా అన్నది ఆమె తేల్చలేదు. తేల్చడానికి ఏమీ మిగల్లేదు. ఆ గది, ఆ వకీలు, ఆ పది నిమిషాలు, వీటితో జరిగినదాన్ని విచారణ అనలేమంది.

ఆ తీర్పు ప్రింటు తీసుకుని నా పాలేరు కేసు కట్టలోనే పెట్టాను. కట్ట మీద ఎర్రసిరాతో ఒక వరుస ఉంటుంది. హైకోర్టు తీర్పు చూసిన రోజు రాసుకున్నది: “బుధవారం, పొద్దున్నే, తల్లి ఎదుట.”