హోంకు పంపక ముందే

ప్రశ్న: దొంగతనం, కొట్లాట కేసుల్లో ఇరుక్కున్న పిల్లలు హోంలపాలు కాకుండా చూసే సంస్థ బాధ్యత ఈమధ్యే తీసుకున్నాను. చట్టంలో మాకు చోటుందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఉందమ్మా. పిల్లల్ని హోంలో పెట్టడం ఆఖరి మార్గమేనని 2015 నాటి బాల న్యాయ చట్టమే చెబుతోంది. 18వ సెక్షన్ ప్రకారం జువెనైల్ జస్టిస్ బోర్డు పిల్లవాణ్ని మందలించి ఇంటికి పంపవచ్చు, కౌన్సెలింగ్‌కో సమాజసేవకో ఆదేశించవచ్చు. సత్ప్రవర్తన షరతుపై 3 ఏళ్లకు మించకుండా తల్లిదండ్రులకో, అర్హత గల సంస్థకో అప్పగించవచ్చు. ఆ సంస్థ మీదే కావచ్చు. 51వ సెక్షన్ కింద గుర్తింపు కోరండి. విచారణ జరిపాకే ఇస్తారు.

గుర్తింపు ఒక్కటే చాలదు. బోర్డులో మేజిస్ట్రేటుతోపాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు. మీ సేవాభావం గురించి వాళ్లకు ఉపన్యాసం ఇవ్వకండి. రేపట్నుంచి పిల్లవాడు ఎక్కడికి వెళ్తాడు, ఓపెన్ స్కూల్లోనో ఐటీఐలోనో ఎవరు చేర్పిస్తారు, వారం వారం ఇంటికెళ్లి చూసేదెవరు? ఇవి రాసివ్వండి. ప్రొబేషన్ అధికారిని ముందే కలిస్తే సగం పని అయినట్టే.

వరంగల్‌లో పాత సెంట్రల్ జైలును 2021లో కూల్చి ఆ స్థలంలో ఆస్పత్రి కట్టడం మొదలుపెట్టారు. జైలు గోడలు తీసేయడం తేలిక. పిల్లలు అలాంటి గోడల వెనక్కి వెళ్లకుండా చూసే మీ పని అంత తేలిక కాదు.

ఇంకొకటి: విరాళాల కరపత్రాల్లో ఆ పిల్లల పేర్లు, ఫొటోలు వేయకండి. 74వ సెక్షన్ ప్రకారం అందుకు 6 నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.