ఈ మొహం ఎక్కడో చూశానే!

సింగపూర్‌లోని హౌగాంగ్‌లో రాత్రి భోంచేసి టీవీ ముందు కూర్చున్న తెలుగిళ్లలో తరచూ వినిపించే మాట: "ఈయన్ని ఎక్కడో చూశానే!" మరుక్షణం చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. ఆ చేతిని ఆపండి. పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయిన ఆ రెండు నిమిషాలూ మీ జ్ఞాపకశక్తికి మంచి కసరత్తు.

2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. చదివిందే మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం గడిచాక మాత్రం, కాగితం పక్కన పెట్టి గుర్తు తెచ్చుకున్నవాళ్లదే పైచేయి అయింది. టీవీ ముందు కూడా ఇదే పద్ధతి పాటించండి. ముందు బుర్రలో వెతకండి, తర్వాతే ఫోన్‌లో సరిచూసుకోండి.

ఈ సాధనకు సైన్స్ ఫిక్షన్ సీరియళ్లను మించినవి లేవు. అక్కడ మేకప్ మొహాన్ని మింగేస్తుంది. 'స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్'లో జెఫ్రీ కోంబ్స్‌ను చూడండి. వేయూన్‌గా ఊదారంగు కళ్లు, తేనె పూసిన మాట, అతి మర్యాద. బ్రంట్‌గా చేటంత చెవులు, వంకర పళ్లు, కసిరే గొంతు. 1999 నాటి 'ద డాగ్స్ ఆఫ్ వార్' ఎపిసోడ్‌లో ఈ రెండు పాత్రలూ కనిపిస్తాయి, రెండూ ఆయనే! తర్వాత 'ఎంటర్‌ప్రైజ్'లో నీలి చర్మం, తల మీద యాంటెన్నాలతో ష్రాన్‌గా వచ్చారు. రబ్బరు ముసుగు కింద మొహం దొరకదు. మాటను ఎక్కడ సాగదీస్తున్నారో, ఎక్కడ విరుస్తున్నారో చెవి పెట్టి వినండి, దొరికిపోతారు.

'డాక్టర్ హూ'లో 2008లో వచ్చిన 'ద ఫైర్స్ ఆఫ్ పాంపే' ఇంకో మంచి పాఠం. అందులో పీటర్ కపాల్డి ఒక్క ఎపిసోడ్ అతిథి, పాలరాతి వ్యాపారి. కుటుంబాన్ని ఎలా కాపాడుకోవాలో తెలియని ఆ తండ్రి భయం ఇప్పుడు చూసినా గుండె పట్టేస్తుంది. 2013లో ఆయనే కథానాయకుడైన డాక్టర్ పాత్రకు ఎంపికయ్యారు. అదే ఎపిసోడ్‌లో మొహానికి తెల్లరంగు పూసుకున్న జోస్యురాలు కరెన్ గిలన్. 2010 నుంచి అదే సీరియల్లో కథానాయిక, 2014లో 'గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ'లో నున్నటి గుండుతో నెబ్యులా. చిన్న వేషమని తల తిప్పుకున్నవాళ్లకు ఇవేవీ కనపడవు.

ఇప్పుడు టీవీ కట్టేసి కిందికి దిగండి. కోపిటియంలో, అంటే కాఫీ హోటల్లో, ఆంటీ మిమ్మల్ని చూడగానే, మీరు నోరు తెరవకముందే కోపీ-ఓ (పాలు లేని కాఫీ) కలపడం మొదలుపెడుతుంది. చక్కెర వద్దన్న సంగతీ ఆమెకు గుర్తే. అదే ఆంటీ ఆదివారం మెట్రోలో, హౌగాంగ్‌కూ లిటిల్ ఇండియాకూ మధ్య, ఏప్రాన్ లేకుండా మంచి గౌను వేసుకుని మీ ఎదుటే కూర్చుంటే? చాలామంది చూపు ఆమె మీద ఆగదు. ఆమె మనల్ని మనిషిగా గుర్తుపెట్టుకుంది, మనం ఆమెను ఏప్రాన్‌గా గుర్తుపెట్టుకున్నాం. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. అందుకే, అనుమానం వచ్చినా సరే, నవ్వి పలకరించండి. పేరు తెలియకపోతే అడగండి, మళ్లీ కలిసినప్పుడు ఆ పేరుతోనే పిలవండి.

పిల్లలకూ ఈ ఆట నేర్పండి. ఈ వారాంతం 1991 నాటి 'ఆదిత్య 369' పెట్టండి. ఆ కాలయంత్రం కథలో కనిపించే బుడతడు తరుణ్, 2000లో 'నువ్వే కావాలి' హీరో. తెనాలి రామకృష్ణుడి వేషంలో ఉన్నదెవరో పెద్దవాళ్లు ఇట్టే చెప్పేస్తారు, చంద్రమోహన్. ఆ యంత్రం కనిపెట్టిన ప్రొఫెసర్ దగ్గర మాత్రం కాస్త ఆగండి. ఆయన టిన్నూ ఆనంద్. ఈ సినిమా దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు 1987లో తీసిన 'పుష్పక విమానం'లో మంచుకత్తులతో చంపడానికి తిరిగే హంతకుడూ ఆయనే. అందులో మాటల్లేవు కాబట్టి గొంతు సాయం దొరకదు. ఆ కళ్లు చూసి పిల్లలు పోల్చుకుంటారేమో చూడండి, అప్పటిదాకా పేరు మాత్రం చెప్పకండి.