మొదటిసారి లేవదు, రెండోసారి లేస్తుంది

ఇంటి కంప్యూటర్: ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. నాన్నగారి హయాంలోనే టాటానగర్ వచ్చేశాం. గమ్హరియాలో ఇల్లు కట్టుకుని ఇక్కడే ఉండిపోయాం. ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. 2013లో సాక్చీలో అసెంబుల్ చేయించిన కంప్యూటర్ ఉంది. కోర్ ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. దసరా దాటినప్పటినుంచి పొద్దున్నే స్విచ్ వేస్తే విండోస్ గుర్తు వచ్చి, చుక్కలు తిరిగి తిరిగి, ఒకరోజు నీలం తెర పడుతుంది, ఇంకోరోజు దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతుంది. నీలం తెర మీద రోజుకో పేరు. రెండోసారో మూడోసారో లేస్తుంది. ఒకసారి లేచిందా, సాయంత్రం దాకా ఢోకా లేదు. షాపతను రెండుసార్లు ఫార్మాట్ కొట్టాడు. నాలుగు రోజులు బాగుండి మళ్లీ అదే తంతు. ఇప్పుడు మదర్‌బోర్డు పోయిందంటున్నాడు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయేమో "పారేయండి నాన్నా, ల్యాప్‌టాప్ పంపిస్తాను" అంటాడు. పింఛను పనులు, మనవరాలి ఫొటోలు, ఘంటసాల పాటలు. నాకింతకంటే అక్కర్లేదు. దీనికింకా ఆయుష్షు ఉందంటారా?
– రిటైర్డ్ ఫిట్టర్, గమ్హరియా

జవాబు: ఉంది. మదర్‌బోర్డు పోయిందన్న మాట ఇప్పుడే నమ్మకండి. మూడోసారి ఫార్మాట్‌కు మాత్రం అసలు ఒప్పుకోకండి.

రోగం ఆనవాళ్లు రెండూ మీ ఉత్తరంలోనే ఉన్నాయి. లేచాక సాయంత్రం దాకా బాగుంటుందన్నారు, అది ఒకటి. నీలం తెర మీద రోజుకో పేరు వస్తోందన్నారు, అది రెండోది. పాడైంది ఏదో ఒక డ్రైవరో ఫైలో అయితే రోజూ ఒకే పేరు రావాలి, ఒకే చోట ఆగాలి. పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉండే బుద్ధి విండోస్‌కు లేదు. వేడికీ చలికీ తేడా తెలిసేది లోపలి సామానుకే.

ఫ్యాక్టరీలో మోటార్లతో పనిచేసినవారు కాబట్టి మీకు ఇట్టే అర్థమవుతుంది. మోటారు తిరిగేటప్పటికంటే మొదలయ్యేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది కదా. కంప్యూటరూ అంతే. మామూలు హార్డ్ డిస్క్ పళ్లెం ఆగిన స్థితి నుంచి వేగం అందుకునేదాకా 12 వోల్టుల లైను మీద రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. అందుకుందంటే అందులో నాలుగో వంతు చాలు. అదే సమయంలో ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరుగుతాయి, ప్రాసెసర్ ఊపిరాడకుండా పనిచేస్తుంది. రోజు మొత్తంలో ఎస్‌ఎంపీఎస్‌కు, అంటే కరెంటు అందించే ఆ ఇనప డబ్బాకు, అసలైన పరీక్ష ఆ కాసేపే.

ఆ డబ్బాలోనూ, మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ చుట్టూ కూడా చిన్న చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటిలో ఉండే ద్రవం ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు సగానికి సగం తగ్గుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ల లెక్క. మీ ఊళ్లో మే నెల ఎండలు ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు. ఎండిపోయిన కెపాసిటర్ చల్లగా ఉన్నప్పుడు ఇంకా మొండికేస్తుంది, కాస్త వేడెక్కితే దారికొస్తుంది. మొదటి ప్రయత్నంలో పడిపోయి, ఆ వేడితో రెండోసారికి లేవడం అందుకే. దసరా దాటాక బయటపడిందని మీరే రాశారు, చలి మొదలయ్యేదీ అప్పుడే.

ఇది కొత్త జబ్బేమీ కాదు. 2000 దశకం మొదట్లో నాసిరకం ద్రవం పోసిన కెపాసిటర్లు ప్రపంచమంతటా మదర్‌బోర్డుల్లోకి చేరి, రెండు మూడేళ్లకే ఉబ్బి పగిలాయి. ఆ తలనొప్పికి డెల్ కంపెనీ 2005లో 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. మీది ఆ తరం యంత్రం కాదు, మామూలు ముసలితనమే అనుకుంటున్నాను. అయినా అనుకుని ఊరుకుంటే లాభం లేదు, తేల్చుకోవాలి.

అన్నిటికంటే ముందు, ఈరోజు అది లేచి ఉన్నప్పుడే మనవరాలి ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

విండోస్ మీద కూడా ఒక చిన్న అనుమానం ఉంది, తీర్చేద్దాం. విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒక ఏర్పాటు ఉంది. మీరు షట్ డౌన్ కొట్టినా అది పూర్తిగా పడుకోదు, సగం మెలకువను డిస్కులో దాచుకుని పొద్దున దాన్నే లేపుతుంది. రీస్టార్ట్ కొడితే మాత్రం అన్నీ కొత్తగా మొదలవుతాయి. దాచుకున్నదాంట్లో తేడా ఉంటే మొదటిసారి పడిపోయి, రెండోసారి లేవడానికి అదీ ఒక కారణం కావచ్చు. ఫార్మాట్ చేసినా ఆ ఏర్పాటు తిరిగి వచ్చి కూర్చుంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే చోట 'టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్' పక్కనున్న టిక్కు తీసేయండి. పైసా ఖర్చు లేదు. మూడు నాలుగు పొద్దులు చూడండి.

అయినా పడిపోతుంటే అసలు పరీక్ష చేయండి. పొద్దున స్విచ్ వేయగానే డిలీట్ మీట, కొన్ని బోర్డులకైతే ఎఫ్2, టకటకా నొక్కుతూ ఉంటే బయాస్ తెర వస్తుంది. విండోస్ ఇంకా లోపలికి అడుగు పెట్టని చోటు అది. అక్కడే వదిలేసి టీ తాగి రండి, పావుగంట ఆగండి. ఆ పావుగంటలోనే యంత్రం ఆగిపోయినా, బిగుసుకుపోయినా విండోస్ నిర్దోషి. ఆగకుండా ఉండి, తర్వాత బయటికొచ్చి విండోస్‌లోకి వెళితే హాయిగా లేచిందా, వేడే దానికి మందు. అంటే కెపాసిటర్ల సంగతే. పావుగంట వేడెక్కాక కూడా విండోస్ చుక్కల దగ్గరే పడిపోతే అప్పుడు ర్యామ్‌నూ డిస్కునూ చూడాలి.

కెపాసిటర్ల మీదే అనుమానం గట్టిపడితే ప్లగ్ పీకేసి పక్క మూత విప్పండి. టార్చి వేసి మదర్‌బోర్డు మీది కెపాసిటర్ల నెత్తి చూడండి. చిన్న డబ్బాల్లా ఉండి, పైన అడ్డంగా నిలువుగా గీత కోసి ఉంటాయి. నెత్తి బల్లపరుపుగా ఉంటే మంచిదే. ఉబ్బినా, గీత దగ్గర గోధుమ రంగు పొక్కు కట్టినా దొంగ దొరికినట్టే. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీసినా లోపలి పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టుల పైన నిలవ ఉండొచ్చు. మీ చేతికి పనితనం ఉందని తెలుసు, అయినా వద్దు. ఎవరి దగ్గరైనా మంచి ఎస్‌ఎంపీఎస్ ఒకటి రెండు రోజులు అరువు తెచ్చి తగిలించండి, తేలిపోతుంది. కొనాల్సి వస్తే మీద 450 వాట్లు అని రాసి ఉందని మురిసిపోయి, పుల్లలా తేలిగ్గా ఉండేది తేవద్దు. '80 ప్లస్' ముద్ర ఉన్నది అడగండి. మల్టీమీటర్ మీ ఇంట్లో ఉండే ఉంటుంది. యంత్రం నడుస్తుండగా, వాడకంలో లేని పెద్ద నాలుగు సూదుల ప్లగ్గులో పసుపు తీగకూ నల్ల తీగకూ మధ్య 11.4 నుంచి 12.6 లోపు, ఎర్ర తీగకూ నల్ల తీగకూ మధ్య 4.75 నుంచి 5.25 లోపు ఉండాలి. స్విచ్ వేసిన క్షణంలో ముల్లు దిగజారితే చాలు, ఇక సాక్ష్యం అక్కర్లేదు.

మూత విప్పినప్పుడు ఇంకో పని. ఆదిత్యపూర్–కాండ్రా రోడ్డు పక్క ఇళ్లలో పేరుకునే దుమ్ము మామూలు దుమ్ము కాదు. అయస్కాంతానికి కాగితం చుట్టి కేబినెట్ అడుగున పాముతూ వెళ్లండి. నల్లటి రజను కాగితానికి పట్టుకుని వస్తే అది ఇనుము కలిసిన దుమ్ము. వానాకాలంలో చెమ్మ పీల్చుకుని బోర్డు మీద కరెంటుకు అడ్డదారులు వేస్తుంది. రంగులు వేసే మెత్తటి కుంచెతో దులిపి, బ్లోయర్ పట్టండి. బ్లోయర్ పట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి ఉంచండి, గిర్రున తిరగనిస్తే బేరింగ్ పోతుంది. ర్యామ్ పట్టీలు తీసి బంగారు రంగు అంచును పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, క్లిక్ అనేదాకా నొక్కి పెట్టండి. తర్వాత స్టార్ట్ మెనూలో 'మెమరీ డయాగ్నస్టిక్' అని కొడితే విండోస్‌లోనే పరీక్ష దొరుకుతుంది. అందులో ఒక్క తప్పు వచ్చినా ఆ పట్టీ మార్చాల్సిందే.

యూపీఎస్ ఉంటే ఒక పొద్దున దాన్ని తప్పించి గోడ ప్లగ్గుకే పెట్టి చూడండి. లోపలి 12 వోల్టుల బ్యాటరీ సాధారణంగా రెండు మూడేళ్లకు నీరసిస్తుంది. పెద్ద మోటార్లు, ఇండక్షన్ ఫర్నేసులు నడిచే ప్రాంతంలో వోల్టేజీ ఊగడం మామూలే. ఊగిన ప్రతిసారీ నీరసించిన యూపీఎస్ బ్యాటరీకి మారబోయి, మారలేక, కంప్యూటర్‌ను కింద పడేస్తుంది.

విండోస్ తన లోపాలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నల్ పవర్ 41' అని కనిపిస్తే కరెంటు దోషం రుజువైపోయిందని షాపతను అనొచ్చు. దాని అర్థం అది కాదు. యంత్రం చెప్పాపెట్టకుండా ఆగిందని మాత్రమే. ఎందుకు ఆగిందో దానికీ తెలియదు.

అబ్బాయి మాటలో ఒక్క న్యాయం ఉంది. విండోస్ 10కు మామూలు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. మీ యంత్రం విండోస్ 11కు పనికిరాదు. పింఛను పనులు దీని మీదే చేస్తారు కాబట్టి, ఎస్‌ఎంపీఎస్ సంగతి తేలాక హార్డ్ డిస్క్ బదులు ఒక ఎస్‌ఎస్‌డీ వేయించి, విండోస్ బదులు లినక్స్ మింట్ పెట్టించుకోండి. 4 జీబీలోనే పాటలు, ఫొటోలు, బ్రౌజర్ అన్నీ నడుస్తాయి. పింఛను కోసం ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ పత్రానికి వేలిముద్ర యంత్రం వాడుతుంటే మాత్రం అది లినక్స్‌లో పనిచేస్తుందో లేదో ముందే కనుక్కోండి. ఈమధ్య ఫోన్లో ముఖం చూపించి కూడా ఆ పత్రం ఇచ్చేస్తున్నారు.

ప్రశ్న: సార్, మా కంప్యూటర్‌లో పొద్దున్నే తేదీ 2012 అని చూపిస్తోంది. కాలేజీ సైటు, బ్యాంకు సైటు ఏవీ తెరుచుకోవు, కనెక్షన్ సురక్షితం కాదంటాయి. కరెంటు పోయి వచ్చిన రోజు 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్' అని నీలం తెర పడుతుంది. వైరస్ అంటున్నారు.
– డిగ్రీ విద్యార్థిని, ఆదిత్యపూర్

జవాబు: వైరస్ కాదమ్మా, బిళ్ల అయిపోయింది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032 అని అడిగితే గడియారాల కొట్టులో కూడా ఇస్తారు. గోడ ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ గడియారం దాని మీదే నడుస్తుంది, బిళ్లతో పని ఉండదు. రాత్రి బోర్డు మీద స్విచ్ ఆపేసే అలవాటున్న ఇళ్లలోనూ, కరెంటు గంటలకొద్దీ పోయే చోటా బిళ్ల బలహీనత బయటపడుతుంది. తేదీ వెనక్కి పోతే సైట్ల భద్రతా పత్రాలు ఇంకా పుట్టనే లేదని బ్రౌజర్ అనుకుంటుంది. అందుకే తలుపు తీయదు.

నీలం తెర కూడా దాని పుణ్యమే. బిళ్ల చచ్చిపోతే బయాస్ కంపెనీ పెట్టిన మొదటి అమరికలకు పోతుంది. హార్డ్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతి 'ఏహెచ్‌సీఐ' నుంచి 'ఐడీఈ'కి మారిపోతే విండోస్‌కు తన డిస్కే కనిపించదు. కొత్త బిళ్ల వేశాక బయాస్‌లోకి వెళ్లి తేదీ సరిచేసి, సాటా మోడ్ అన్న చోట ఏహెచ్‌సీఐ పెట్టు. అప్పటికీ లేవకపోతే మళ్లీ ఐడీఈ పెట్టి చూడు. మీ విండోస్ ఎక్కించినప్పుడు ఏది ఉందో అదే కావాలి దానికి.

ప్రశ్న: తెర వచ్చాక పది నిమిషాలు ఏదీ కదలదండీ, లోపల టక్ టక్ మని చప్పుడు. తర్వాత ఒక్కోసారి దానంతటదే ఆగిపోతుంది. డిస్క్ చెక్ పెట్టమని మా మరిది అంటున్నాడు. పెట్టమంటారా?
– గృహిణి, కద్మా

జవాబు: ఇప్పుడు పెట్టకండమ్మా. చప్పుడు చేస్తున్న హార్డ్ డిస్క్‌తో గంటలకొద్దీ చెకింగ్ చేయిస్తే ఉన్న ప్రాణం కూడా పోవచ్చు. ముందు పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, మళ్లీ దొరకనివేవో అవి మాత్రం వేరే డిస్కుకు మార్చండి. సినిమాలు తర్వాత చూసుకోవచ్చు. అన్నీ వచ్చాక క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసి చూడండి. అందులో 'రీఅలొకేటెడ్ సెక్టర్స్', 'కరెంట్ పెండింగ్ సెక్టర్స్' అన్న వరసల చివర సున్నాలు కాక ఇంకేమైనా ఉండి, అది వారానికి వారం పెరుగుతుంటే డిస్క్ మార్చేయాల్సిందే. ఆ రెండూ బాగుండి 'సీఆర్‌సీ ఎర్రర్' వరస ఒక్కటే పెరుగుతుంటే డిస్క్ కాదు, దానికి తగిలించిన పల్చటి సాటా కేబుల్ తప్పు. అది వంద రూపాయల లోపు వ్యవహారం.

ప్రశ్న: కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంది. దానికీ, ఆన్ చేయగానే ఆగిపోవడానికీ సంబంధం ఉందా?
– ఒక పాఠకుడు, గమ్హరియా

జవాబు: ఉండొచ్చు. కానీ అంతకంటే ముందు మనిషికి ప్రమాదం. ఎస్‌ఎంపీఎస్‌లోకి కరెంటు వచ్చే చోట ఉండే ఫిల్టర్ కాస్త కరెంటును రేకు మీదికి వదులుతుంది, దాన్ని ఎర్త్ తీగ నేలలోకి పంపాలి. ఎర్త్ లేకపోతే మీ వేలే దారి. మూడు సూదుల ప్లగ్గును రెండు సూదుల అడాప్టర్‌లో దూర్చి ఉంటే ముందు దాన్ని పీకేయండి. ఎలక్ట్రీషియన్ చేత న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించండి. రెండు మూడు వోల్టులు దాటితే ఎర్తింగ్ గుంత ఎండిపోయిందేమో చూడమనండి. బొగ్గూ ఉప్పూ వేసిన పాత పద్ధతి గుంతైతే వేసవిలో వారానికోసారి రెండు బకెట్ల నీళ్లు పోయాలి. అది సరయ్యేదాకా పిల్లల్ని ఆ కంప్యూటర్ దగ్గరికి రానివ్వకండి.