ఫైనాన్సు విద్యకు పూర్వసన్నాహము

కాలేజీలో ఫైనాన్సు ప్రధానవిషయముగా చదువవలెనని మన విద్యార్థులలో పలువురు కోరుచున్నారు. కోరిక మంచిదే. అయితే లెక్కలు రాని పిల్లలకు వాణిజ్యము సులువైన మార్గమని కొందరు తలిదండ్రులు చెప్పుట మేము తరచుగా వినుచున్నాము. ఈ తలంపు సరికాదు. ధనమును కాలముతోను నష్టభయముతోను కలిపి తూచు విద్యయే ఫైనాన్సు. ఆ తూనికకు త్రాసు గణితము.

1. వడ్డీలెక్క. ఒక రైతు 10,000 రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డికి తెచ్చెననుకొందము. బారువడ్డి ప్రకారము మూడేండ్లకు వడ్డి 7,200 రూపాయలగును. నెలనెలకు వడ్డిని అసలులో చేర్చు చక్రవడ్డి ప్రకారమైనచో అది సుమారు 10,399 రూపాయలగును. అనగా అప్పు అసలునకు రెండింతలు మించును. రెండింటను దర యొక్కటే; భేదమంతయు లెక్కించు విధానమున నున్నది. ఈ భేదము నెరుగనివాని పొలము చేజారిపోవచ్చును. విద్యార్థులారా, 10,000 ను 1.02 చేత వరుసగా 36 మారులు హెచ్చవేసి, ఈ మొత్తమును మీరే తేల్చుకొనుడు.

2. పద్దులు. లూకా పాచోలీ అను ఇటలీదేశపు సన్న్యాసి 1494లో వెనిసు నగరమున అచ్చయిన తన గణితగ్రంథమున, ప్రతి వ్యవహారమును రెండు చోట్ల వ్రాయు వర్తకుల పద్ధతిని వివరించెను. మన షావుకార్లును చిట్టా ఆవర్జాల నుంచుకొనిరి. నేడు కూడికలు కంప్యూటరు చేయును. కాని యే పద్దు ఎచ్చట చేరవలెనో మనుష్యుడే యెరుగవలెను. కావున మూడు నెలలు మీ యింటి చిట్టా వ్రాయుడు. ప్రతిరాత్రి నిలువను పెట్టెలోని సొమ్ముతో సరిచూడుడు. తేడా వచ్చినచో కారణము కనుగొనువరకు విడువకుడు.

3. గ్రూపు నెన్నుకొనుట. పదవతరగతి పిమ్మట సి. ఇ. సి. చదివినవారు బి. కాం. లో చేరవచ్చును, చార్టర్డు అకౌంటెన్సీ ఫౌండేషను పరీక్షకును కూర్చుండవచ్చును. కాని ఆ పరీక్షలో సయితము గణితము, స్టాటిస్టిక్సు గల పత్రమొకటి కలదు. మరియు కొన్ని విశ్వవిద్యాలయములలో అర్థశాస్త్రపు ఆనర్సు తరగతికి పండ్రెండవ తరగతి గణితము తప్పనిసరి. ఒక పరీక్షలో మార్కులు తగ్గెనని పదునైదేండ్ల బాలునిచేత గణితమును మాన్పించినచో, అతని యెదుట కొన్ని తలుపులు మూయబడును. గణితముతో కూడిన ఎం. ఇ. సి. కష్టమైనను, ఆ తలుపులను తెరచియుంచును. తలిదండ్రులు ఈ సంగతిని ఉపాధ్యాయులతో ఆలోచించిన పిమ్మటనే నిశ్చయింతురుగాక.

4. పత్రికాపఠనము. 1935లో స్థాపింపబడిన రిజర్వుబ్యాంకు వడ్డీదరను మార్చిన వార్త చూచినప్పుడు, గృహఋణపు వాయిదా యేల మారునో గురువుల నడుగుడు. నెలకు ఇట్టి ప్రశ్న యొక్కటి చాలును.

తుదకు నమ్మకము. ఈ వృత్తిలో చేతికి వచ్చు సొమ్ము అధికభాగము పరులది. మన ప్రభువు బోధించిన ఉపమానములలో గృహనిర్వాహకుడు లెక్క యొప్పగింపవలసినవాడే. నేడు ఇంటి చిట్టాలో ఒక్క రూపాయిని దాచనివాడే రేపు పదిమంది సొమ్మునకు కావలియుండ దగినవాడు.