వనభోజనాల రోజు పిల్లల వంట: ఏం చూసుకోవాలి?

మధ్యాహ్న బడి భోజనం (పీఎం పోషణ్) – వంట చేసే అక్కచెల్లెళ్ల కోసం

కార్తీక మాసంలో చాలా బళ్ల పిల్లల్ని ఉసిరి చెట్టున్న తోటకో, చెరువు గట్టుకో తీసుకెళ్తారు. ఆ రోజు వంట ఆరుబయటే. బడిలో కుళాయి, తలుపు, అల్మారా ఉంటాయి. తోటలో అవేవీ ఉండవు. అందుకే ఆ రోజు జాగ్రత్త రెట్టింపు కావాలి. పథకం బియ్యంతో వండినా, చందాలతో వండినా తినేది మన బడి పిల్లలే.

అన్నిటికన్నా ముఖ్యం: దించిన రెండు గంటల్లో వడ్డించాలి

తెల్లవారుజామునే ఇంట్లో వండి, క్యారేజీల్లో మూతపెట్టి, మధ్యాహ్నం ఒంటిగంటకు వడ్డించడం ప్రమాదం. వండిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల వేడి మధ్య ఉన్నంతసేపూ సూక్ష్మక్రిములు వేగంగా పెరుగుతాయి. బియ్యంలో ఉండే ఒక రకం క్రిమి బీజాలు అన్నం ఉడికినా చావవు. గోరువెచ్చని అన్నంలో అవి మొలిచి విషం వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు, వాసనకూ తెలియకపోవచ్చు. పులిహోరలో చింతపండు పులుపు కొంత కాపాడుతుంది గానీ, దాన్నే నమ్ముకోకూడదు. దద్దోజనం అయితే పెరుగు అక్కడికి వెళ్లాకే కలపండి.

బయల్దేరే ముందు
• బియ్యం, పప్పు ఇంటి దగ్గరే ఏరి, పొడిగా కట్టుకోండి.
• తాగే నీళ్లు బడి నుంచే తీసుకెళ్లండి. బావి నీళ్లే గతి అయితే బాగా మరిగించండి. లేదా క్లోరిన్ బిళ్ల ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం వేసి అరగంట ఆగండి.
• సబ్బు, మూతలు, పొడుగు గరిటెలు మర్చిపోవద్దు.
• వాంతులు, విరేచనాలు, చేతి మీద పుండు ఉన్నవాళ్లు ఆ రోజు వంట ముట్టుకోవద్దు.

తోటలో
• పొయ్యి చెట్టు కొమ్మల కింద పెట్టవద్దు. పురుగులు, పిట్టల రెట్టలు గుండిగలో పడతాయి.
• తోటలో దొరికిన డబ్బా ఏదైనా సరే, నీళ్లకు గానీ నూనెకు గానీ వాడవద్దు. అది పురుగుమందు డబ్బా కావచ్చు. కడిగినా పనికిరాదు.
• గుడ్లు పెంకుతోనే ఉంచి, వడ్డించే ముందే ఒలవండి.
• విస్తరాకులు మంచినీళ్లతో కడగండి. పిల్లలందరూ సబ్బుతో చేతులు కడుక్కున్నాకే కూర్చోబెట్టండి.

ముందు పెద్దలు తినాలి

వడ్డించే ముందు ఒక టీచరుతో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడాలి. ఇది పథకం నియమం, తోటలోనూ తప్పదు. 2013 జులై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్టు పరీక్షలో తేలింది. కాబట్టి నూనె వాసనో రంగో తేడాగా అనిపిస్తే వంట ఆపేయండి. "టైమైపోతోంది, కానివ్వండమ్మా" అని ఎవరు తొందరపెట్టినా ఆపండి. పిల్లలు ఒక గంట ఆలస్యంగా తింటే నష్టం లేదు.

మిగిలిపోతే?

పిల్లలకు కట్టి ఇంటికి పంపవద్దు. రాత్రికి ఆ ఇంట్లో ఇంకో చిన్నపిల్ల తింటుంది.

ఎవరికైనా బాగాలేకపోతే
• వడ్డన వెంటనే ఆపండి. మిగిలిన అన్నం, కూర పారేయకుండా మూతపెట్టి ఉంచండి, పరీక్షకు కావాలి.
• ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వాంతులైనా, ఒక్క బిడ్డకైనా నోట్లో నురగ, మగత, ఊపిరి అందకపోవడం కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి. బలవంతంగా కక్కించవద్దు.
• విరేచనాలు అవుతూ, తెలివిగా ఉన్న బిడ్డకు ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా తాగించండి. పెద్ద ప్యాకెట్‌కు ఒక లీటరు నీళ్లు.

ఈ పీడీఎఫ్ మీ వంట అక్కల గ్రూపులో, హెడ్మాస్టరు గారికి కూడా పంపండి. వనభోజనాలకు ముందురోజు అందరూ కూర్చుని ఒకసారి చదువుకోండి.