కొండమీద ఒక రాత్రి: రోలుగుంట నుంచి లంబసింగికి తొలి బస ఎలా?

రోలుగుంటలో పొలం గట్టెక్కితే చాలు, ఏజెన్సీ కొండలు కళ్లెదుటే ఉంటాయి. అయినా మనలో చాలామందికి లంబసింగి అంటే తెల్లవారుజామున రెండింటికి బండి తీసి, మంచులో నాలుగు ఫొటోలు దిగి, టిఫిన్ వేళకు ఇంటికి చేరడమే. కొండ అలా తెలియదు. అక్కడే పొద్దుగూకాలి, అక్కడే తెల్లారాలి. ఎప్పుడూ కొండమీద పడుకోనివాళ్లు ఆ ఒక్క రాత్రికి ఎలా సిద్ధపడాలో వరసగా చెబుతాను.

1. రోజు ఎంచుకోండి

లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉంది. ఎత్తు కిలోమీటరు పెరిగితే గాలి ఆరు డిగ్రీలకు పైగా చల్లబడుతుంది. దానికి తోడు మబ్బులేని రాత్రి నేల వేడంతా ఆకాశంలోకి పోతుంది, బరువెక్కిన చల్లగాలి పల్లంలోకి జారి నిలుస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా పడిపోవడానికి కారణం ఇదే. ఈ ఊరికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది. బయట పడుకుంటే కొయ్యలా బిగుసుకుపోతారని దాని అర్థం చెబుతారు.

ఆ రెండు నెలల్లో శని, ఆదివారాలు వద్దు. ఘాట్‌లో బండ్లు బారులు తీరతాయి, పడకలు దొరకవు. మంగళవారమో బుధవారమో వెళ్లండి. చలికి భయపడేవాళ్లు తొలిసారి నవంబరులోనో ఫిబ్రవరిలోనో వెళ్తే మేలు.

2. డబ్బు కట్టేముందు ఫోన్‌లో అడగండి

కొండమీద బస మూడు రకాలు: టెంట్, నలుగురైదుగురు ఒకే గదిలో పడుకునే డార్మిటరీ, విడి గది. ఏదైనా సరే, అడ్వాన్సు పంపేముందు ఈ మాటలు అడిగేయండి:

- అన్నా, మనిషికి ఎంత? రాత్రి భోజనం అందులోనే కలిసిందా?
- కింద పరుపు వేస్తారా, చాపేనా? దుప్పట్లు ఎన్ని ఇస్తారు?
- బాత్రూమ్ ఎంతమందికి ఒకటి? లోపల గడియ ఉందా? వేడినీళ్లు దొరుకుతాయా?
- రాత్రి మీ మనుషులు ఎవరైనా అక్కడే ఉంటారా?
- ఆడవాళ్లకు వేరే గది ఉందా?

చివరి రెండింటికీ జవాబు తిన్నగా రాకపోతే ఆ బస వదిలేయండి. చౌక అని సర్దుకుపోవద్దు.

3. సంచి కిందే సర్దండి

పైన దొరుకుతుందిలే అనుకున్నది పైన దొరకదు. నర్సీపట్నం దాటేలోపే అన్నీ చేతిలో ఉండాలి.

- ఒక్క లావు కోటు కన్నా మూడు పలుచటి పొరలు వెచ్చన. ఒంటికి ఆనుకుని బనియను, పైన స్వెటర్, ఆపైన గాలి చొరబడని జాకెట్.
- చెవులు మూసే టోపీ, రెండు జతల మేజోళ్లు. ఒక జత పడుకునేటప్పుడే వేసుకోండి, పగటి చెమట పట్టింది వద్దు.
- టార్చి, పవర్ బ్యాంక్. చలికి ఫోన్ బ్యాటరీ త్వరగా దిగిపోతుంది.
- ఆధార్ కార్డు, రోజూ వేసుకునే మందులు, దోమల క్రీము, సబ్బు, తువ్వాలు.
- చిన్న నోట్లలో డబ్బు. సిగ్నల్ లేనిచోట ఫోన్‌లో చెల్లింపు పనిచేయదు.
- చెత్త వేసుకోవడానికి ఖాళీ సంచి.

4. వెలుగుండగానే ఎక్కండి

రోలుగుంట నుంచి నర్సీపట్నం దగ్గరే. అక్కడ చింతపల్లి బస్సెక్కితే దారిలోనే లంబసింగి. విజయవాడ వైపు నుంచి రైల్లో వచ్చే చుట్టాలుంటే తునిలో దిగి నర్సీపట్నం రమ్మనండి. మధ్యాహ్నం రెండింటికల్లా నర్సీపట్నం వదిలితే చీకటి పడకముందే పడక చూసుకోవచ్చు.

సొంత బండైతే మలుపు మలుపుకీ హారన్ కొట్టండి. మంచులో హై బీమ్ వేస్తే వెలుగు తిరిగి మీ కళ్లలోనే పడుతుంది, లో బీమ్ చాలు. దిగేటప్పుడు గేరు తగ్గించి దిగండి. అదేపనిగా బ్రేకు నొక్కితే వేడెక్కి పట్టు తప్పుతుంది.

ఈ దారి కథ తెలిసి ఎక్కాలి. బ్రిటిష్ కాలంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనం చేత వెట్టిగా, చాలీచాలని కూలికి ఇక్కడ రోడ్డు పని చేయించాడు. ఆ కడుపుమంట కూడా కలిసే మన్యం తిరుగుబాటు రగిలింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది ఈ చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే. మనం గంటల్లో ఎక్కేసే ఈ కొండకు దారి ఎవరి రెక్కల మీద పడిందో మరిచిపోకూడదు.

5. పదిమందిలో పడుకునే పద్ధతి

డార్మిటరీలో పడుకునే యూత్ హాస్టల్ పద్ధతి మొదలైందే ఒక వాన రాత్రి నుంచి. 1909 ఆగస్టు 26న జర్మనీలో రిచర్డ్ షిర్మాన్ అనే బడిపంతులు పిల్లలతో కాలినడకన వెళ్తుండగా గాలివాన వచ్చిపడింది. ఆ రాత్రి ఒక ఊరి బడిలో తలదాచుకున్నారు. నడిచి తిరిగే పిల్లలకు ఇలాంటి చోటు ఎక్కడికక్కడ ఉండాలన్న ఆలోచన ఆయనకు అక్కడే పుట్టింది. 1912లో ఆల్టెనా కోటలో తొలి శాశ్వత యూత్ హాస్టల్ తెరుచుకుంది. అంటే ఇది హోటల్ కాదు, పంచుకునే నీడ. పద్ధతులన్నీ అందులోంచే వచ్చాయి.

చెప్పులు గుమ్మం బయట విడవండి. రేపటి బట్టలు పడుకునేముందే బయటికి తీసి పెట్టుకుంటే తెల్లవారుజామున కవర్ల చప్పుడు ఉండదు. టార్చి నేలకేసి వెయ్యండి. అలారం మీకు మాత్రమే వినపడేలా దిండు కింద పెట్టుకోండి. పర్సు, ఫోన్ తల దగ్గరే. వేడినీళ్లు ఒక్క బకెట్‌తో సరిపెట్టుకోండి, మీ వెనక ఇంకా మనుషులున్నారు.

తిండి ముందే చెప్పాలి. బొంగు చికెన్ నిప్పుల మీద నిదానంగా ఉడకాలి, ఆకలేశాక అడిగితే దొరకదు. పాటలు పెద్దగా పెట్టవద్దు. పక్క ఊరివాళ్లు తెల్లారి పొలానికి వెళ్లాలి.

6. చలిలో నిద్ర

చలి పైనుంచి వస్తుందనుకుంటాం. టెంట్‌లో అసలు చలి నేల నుంచి వస్తుంది. రెండు దుప్పట్లుంటే ఒకటి కిందే పరవండి. వేడి అన్నం తిని, ఒంటికి వెళ్లొచ్చి పడుకోండి. టెంట్ జిప్ పైభాగం కొంచెం తెరిచి ఉంచితే మీ ఊపిరి తడి గుడ్డ మీద చెమ్మగా దిగదు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: బొగ్గుల కుంపటి టెంట్‌లోకీ, మూసిన గదిలోకీ తేవద్దు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మంట దగ్గర బయటే కాచుకుని లోపలికి రండి.

7. తెల్లవారుజామున

అయిదింటికి లేవండి. చెరువులవేనం కొండకు వెళ్తే, కుదిరిన రోజున మంచు పాలసముద్రంలా మీ కాళ్లకింద పరుచుకుంటుంది. కనపడకపోతే చిన్నబోవద్దు, మంచు మన టికెట్‌తో రాదు. తర్వాత తాజంగి జలాశయం వైపు వెళ్లి రావచ్చు. జలపాతాలకు వెళ్తే పాచిపట్టిన రాళ్ల మీద అడుగు వెయ్యకండి, లోతు తెలియని మడుగులో దిగకండి.

దారిలో కనిపించే మనుషులను అడగకుండా ఫొటో తియ్యకండి. ముందు పలకరించండి, అంతే.

8. దిగేటప్పుడు, దిగాక

మీ చెత్త మీతోనే కిందికి రావాలి. దారిలో చెక్‌పోస్టుల దగ్గర గంజాయి కోసం సంచులు వెతుకుతారు. ఎవరు బతిమాలినా, ఎంత చిన్నదైనా, ఇతరుల మూట మీ బండిలో పెట్టుకోవద్దు. గంజాయి రవాణా కేసులో ఇరుక్కుంటే బయటపడడం చాలా కష్టం.

ఏజెన్సీలో మలేరియా ఉంది. తిరిగొచ్చాక ఒకటి రెండు వారాలకో, ఆ తర్వాత నెలల్లోనో జ్వరం వస్తే మాత్ర వేసుకుని ఊరుకోకండి. రక్తపరీక్ష చేయించుకోండి, ఏజెన్సీకి వెళ్లొచ్చానని డాక్టరుకు మీరే చెప్పండి.

బస ఖాళీ చేసేముందు లెక్క తేల్చండి. వేడినీళ్లు కాచిన అమ్మకు, చీకట్లో కొండ దారి చూపిన కుర్రాడికి అనుకున్న డబ్బు పూర్తిగా చేతిలో పెట్టండి. యాభై కోసం బేరం వద్దు. అక్కడ దొరికితే రాజ్మా, మిరియాలు, కాఫీ పండించినవాళ్ల దగ్గరే కొనండి. వందేళ్ల కిందట ఈ కొండవాళ్ల చేత పని చేయించుకుని కూలి ఎగ్గొట్టారు. అదే దారిన ఎక్కిన మనం బాకీ పెట్టకుండా దిగాలి.