ఇంటి చీమలకు తీపి ఎర డబ్బా: కొలతలు, పెట్టే పద్ధతి, జాగ్రత్తలు

పోయిన వారం జీవామృతం వీడియోలో నా వెనకాల బెల్లం డబ్బా చుట్టూ చీమల బారు కనిపించింది. "పంటకి సరే, ముందు ఆ చీమల సంగతి చూడండి" అని చాలామంది అన్నారు. నిజమే. 200 లీటర్ల జీవామృతానికి 2 కిలోల బెల్లం కావాలి, అంటే మనలాంటి వాళ్ల ఇంట్లో బెల్లం ఎప్పుడూ ఉంటుంది. పైగా మాది అన్నవరం. ఇంటికి ఏ చుట్టం వచ్చినా కొండ మీంచి సత్యదేవుడి ప్రసాదం పొట్లం చేతిలో ఉంటుంది. గోధుమ నూక, నెయ్యి, తీపి. విస్తరాకు విప్పేలోపే చీమలు హాజరు.

అసలు నేను ఈ పద్ధతికి ఎందుకు వచ్చానో ముందు చెప్తాను. మా అమ్మ వంటింటి గుమ్మానికి చీమల సుద్దతో గీతలు గీసేది. ఓ రోజు మా పాప ఆ సుద్దముక్క తీసుకుని పలక మీద అక్షరాలు దిద్దుతోంది. అలాంటి సుద్దల్లో సాధారణంగా ఉండేది పైరెత్రాయిడ్ జాతి పురుగుమందు. పొలంలో ఆరేళ్ల నుంచి డబ్బా మందు ముట్టని నేను, వంటింట్లో అదే జాతి మందుని పిల్ల చేతికి అందేలా ఉంచాను. సబ్బుతో చేతులు కడిగించాం, ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండి.

గీత గీస్తే చీమలు ఎందుకు పోవు?

మనకి కనిపించే బారు పుట్టలో కొద్ది భాగమే. మేత కోసం బయటికి వచ్చిన కూలి చీమలు అవి. రాణి, పిల్ల పురుగులు, మిగతా చీమలు గోడ పగుల్లోనో, అరుగు కిందో, పూలకుండీ మట్టిలోనో ఉంటాయి. గీత మీద నడిచినవి చస్తాయి, రాణి గుడ్లు పెడుతూనే ఉంటుంది. నాలుగు రోజులకి ఇంకో దారిలో మళ్లీ బారు.

చీమ నడుము చాలా సన్నం. అందుకే పెద్ద చీమ గట్టి పదార్థం మింగలేదు, ద్రవమే తాగుతుంది. తాగిన తీపిని కడుపులో ఒక సంచిలో దాచుకుని, పుట్టకి వెళ్లి తోటి చీమల నోటికి అందిస్తుంది. ఆ చీమ ఇంకో చీమకి, చివరికి రాణికి, పిల్లలకి. ఈ పంపకమే మనకి దారి. నెమ్మదిగా పనిచేసే మందుని తీపి నీళ్లలో కలిపితే చీమలే దాన్ని పుట్ట లోపలికి మోసుకెళ్తాయి.

కొలత దగ్గరే అసలు కిటుకు

కావాల్సింది వెలిగారం, అంటే బోరాక్స్. పచారీ కొట్లలో, ఎరువుల షాపుల్లో దొరుకుతుంది. ఎరువుల షాపులో దొరికేది 10.5 శాతం బోరాన్ ఉన్న బోరాక్స్.

- గోరువెచ్చని నీళ్లు: 200 మి.లీ.
- పంచదార: 50 గ్రాములు
- వెలిగారం: 2 గ్రాములు (సుమారు అర టీస్పూను, తల కొట్టి)

పూర్తిగా కరిగేదాకా కలిపి చల్లారనివ్వాలి. ఈ గిన్నె, చెంచా మళ్లీ వంటకి వాడకండి.

మొదటిసారి నేను "ఎక్కువేస్తే ఎక్కువ పనిచేస్తుంది" అనుకుని రెండు చెంచాలు వేశాను. తెల్లారేసరికి డబ్బా చుట్టూ చచ్చిన చీమలు. భలే అనుకున్నా. వారానికల్లా బారు మళ్లీ మామూలే. దారిలోనే చచ్చిన చీమ పుట్టకి ఏం తీసుకెళ్తుంది? ఒక శాతం దగ్గర ఉంచితేనే అది ఇల్లు చేరి పంచుతుంది. డబ్బా దగ్గర చచ్చిన చీమలు కుప్పగా కనిపిస్తే మందు ఎక్కువైందని గుర్తు, నీళ్లూ పంచదారా కలిపి పలచన చేయండి.

బెల్లం వాడొచ్చా అని అడుగుతారు. వాడొచ్చు, కానీ మన ఎండకి త్వరగా పులుస్తుంది. పులిసిన నీళ్లని చీమ వదిలేస్తుంది. పంచదారే నయం.

డబ్బా తయారీ

వీడియోలో చూపించినట్టు, గట్టి మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. సన్నటి మేకు కాల్చి, పక్క గోడల్లో పైవైపు 2, 3 మిల్లీమీటర్ల బెజ్జాలు నాలుగు పెట్టండి. లోపల దూది పరిచి, తడిసేంత మందు నీళ్లు పోయండి. బెజ్జాల దాకా నింపొద్దు. మూతకి టేపు చుట్టి, పైన "విషం" అని పెద్ద అక్షరాలతో రాయండి. పక్కకి ఒరగకుండా ఇటుకకి కట్టేయండి.

పెట్టే పద్ధతి

1. ముందు పరీక్ష చేయండి. కాగితం మీద ఒక పక్క పంచదార నీటి చుక్క, ఇంకో పక్క ఎండు రొయ్య ముక్క పెట్టండి. చుక్క దగ్గర మూగితే ఈ ఎర పనిచేస్తుంది. రొయ్యకే వెళ్తుంటే ఈ తీపి ఎర అంతగా పనిచేయదు. కుట్టే ఎర్ర చీమల్లో ఇలాంటివి ఎక్కువ.
2. డబ్బాని బారుకి పక్కనే, నీడలో, గోడ వారగా పెట్టండి. వీలైతే ఇంటి బయటే పెట్టండి.
3. చుట్టుపక్కల ఇంకే మందూ, ఫినాయిలూ వాడొద్దు. బారుని తుడవొద్దు.
4. మొదటి రెండు రోజులు చీమలు రెట్టింపవుతాయి. ఇక్కడే అందరూ ఓపిక పోగొట్టుకుంటారు. మా అమ్మ చీపురు తీసుకుంది కూడా. "రానీ అమ్మా, అవి మన పనే చేస్తున్నాయి" అని ఆపాను.
5. మూడు నాలుగు రోజులకోసారి దూదీ, నీళ్లూ మార్చండి. ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. మా ఇంట్లో పన్నెండో రోజుకి బారు పలచబడింది.

ఈలోపు బెల్లం డబ్బాని నీళ్ల పళ్లెంలో పెట్టండి, సింకు దగ్గర తడి ఆరనివ్వండి, గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్చండి. బయట తీపి దొరుకుతుంటే ఎర వైపు చూడవు.

ఇది సహజమేనా?

సూటిగా చెప్తాను. వెలిగారం భూమిలో దొరికే ఖనిజమే, కానీ విషమే. సహజం అన్న మాట చూసి అజాగ్రత్త పడొద్దు. అమెరికా ఆర్గానిక్ నిబంధనల్లో కూడా బోరిక్ యాసిడ్‌ని కట్టడాల్లో పురుగులకే అనుమతించారు, ఆహారానికీ పంటకీ నేరుగా తగలకూడదు. మనమూ అదే గీత పాటిద్దాం.

- పిల్లలకీ, కోళ్లకీ, కుక్కలకీ అందని చోట పెట్టండి. చూడ్డానికి పంచదార పానకంలాగే ఉంటుంది, అదే ప్రమాదం. ఎవరైనా తాగితే సొంతంగా వాంతి చేయించకుండా, డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.
- మొక్కల పాదుల్లో పారబోయకండి. బోరాన్ కొంచెమే ఎరువు, ఎక్కువైతే ఆకు అంచులు మాడిపోతాయి.
- పూల మొక్కల దగ్గర పెట్టకండి. తీపికి తేనెటీగలు కూడా వస్తాయి.
- తోటలోకి అసలు తీసుకెళ్లొద్దు. మామిడి, జీడిమామిడి చెట్ల మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమ మన మిత్రుడు. జీడి పూతని పాడుచేసే టీ దోమని అది వేటాడుతుంది.

మన గొడవ వంటింట్లోకి వచ్చిన బారుతోనే, చీమ జాతితో కాదు. సుద్దముక్క ఇప్పుడు మా ఇంట్లో ఒక్కటే ఉంది, మా పాప పలక మీద రాసుకునేది. మీరు ఈ డబ్బా పెట్టి చూసి, ఎన్నో రోజుకి బారు తగ్గిందో, ఏ రకం చీమో రాయండి. పిండినల్లిని మోసే చీమల గురించి వచ్చే వీడియోలో మాట్లాడుకుందాం. ఉంటానండి.